టర్బో విప్పడం నాలుగు నట్ల పని కాదు

ఇంజన్ పొగ ఒత్తిడితో టర్బైన్ చక్రాన్ని తిప్పి, అదే షాఫ్టు మీదున్న కంప్రెసర్ చక్రంతో ఇంజన్‌లోకి గాలిని నెట్టేది టర్బో. డీజిల్ కారులో దాన్ని పట్టి ఉంచేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే గొట్టం) వైపు మూడో నాలుగో నట్లు, పైన ఆయిల్ వచ్చే ఫీడ్ పైపుకి ఒక బాంజో బోల్టు (లోపల ఆయిల్ పారే బోలు బోల్టు), కింద ఆయిల్ దిగే డ్రెయిన్ పైపుకి రెండు చిన్న బోల్టులు, ఎగ్జాస్ట్ వైపు ఒక క్లాంపు, గాలి గొట్టాలకి రెండు క్లిప్పులు. ఇంజన్‌ని దించి స్టాండు మీద పెడితే అరగంటలో టర్బో చేతిలో ఉంటుంది. అదే ఇంజన్ బానెట్ కింద అడ్డంగా కూర్చుని, టర్బో వెనక ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపు ఉండి, దాని కిందే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), ఆ కింద కుడి యాక్సిల్, ఇంకాస్త వెనక స్టీరింగ్ ర్యాక్ ఉన్నాయనుకోండి, అరగంట కాస్తా రోజున్నర అవుతుంది. నట్లు అవే. మారింది చెయ్యి దూరే సందు.

ఈ సందు దగ్గరే పని చేసేవాళ్లు రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒకరు "ఏమీ విప్పక్కర్లేదు, పైనుంచే లాగేద్దాం" అంటారు. అలా లాగగలిగితే పనితనం కింద లెక్క. ఇంకొకరు చుట్టూ ఉన్నవన్నీ విప్పి కిందినుంచి తీస్తారు. చూసేవాళ్లకి వీళ్లు పని రానివాళ్లలా కనిపిస్తారు. నాది రెండో పక్షం. ఓపికను పొగడటానికి కాదు. టర్బో బయటికి రావాలంటే ఏవేవి విప్పాలో, అది ఎందుకు పోయిందో తెలియాలన్నా దాదాపు అవే విప్పాలి. పైనుంచి లాగేసినవాడు ఆయిల్ పైపు రెండో కొస చూడడు, డ్రెయిన్ పైపు లోపల చూడడు, కింద ఇంజన్ ఆయిల్ నిలిచే చాంబర్ ముట్టుకోడు. పాత టర్బోను చంపినదాన్ని ఇంజన్‌లోనే ఉంచి, కొత్త టర్బోను తీసుకొచ్చి దాని నోటికి అందిస్తాడు.

అసలు టర్బో ఇంత మూలకి ఎందుకు చేరింది? 1978లో మెర్సిడెస్ 300 ఎస్‌డీ టర్బో డీజిల్‌తో అమ్మకానికి వచ్చినప్పుడు అందులో అయిదు సిలిండర్ల ఇంజన్ నిలువుగా కూర్చుని ఉండేది, పక్కన చెయ్యి పెట్టడానికి చోటుండేది. తర్వాత ముందు చక్రాలు తిప్పే చిన్న కార్లలో ఇంజన్ అడ్డం తిరిగింది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ పొగను శుద్ధి చేసే క్యాటలిస్టూ డీపీఎఫూ త్వరగా వేడెక్కాలి కాబట్టి వాటిని కారు అడుగు నుంచి తెచ్చి టర్బో మూతికే అతికించారు. కొన్ని ఇంజన్లలో మ్యానిఫోల్డూ టర్బైన్ గూడూ ఒకే పోతగా వస్తాయి, అప్పుడు టర్బో తీయడమంటే మ్యానిఫోల్డ్‌తో సహా తీయడమే. ఇరుకు అలా పుట్టింది. పానా పట్టేవాడి చెయ్యి ఎంత లావుంటుందో ఆ లెక్కల్లో ఎవరూ వేసుకోలేదు.

జాకీ ఎత్తకముందు

పికప్ తగ్గడం, లింప్ మోడ్‌లోకి పోవడం (లోపం కనిపెట్టిన కంప్యూటర్ ఇంజన్ బలాన్ని తగ్గించేయడం), నల్లపొగ రావడం, వీటిలో ఏదీ టర్బో పోయిందనడానికి రుజువు కాదు. టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ చీలినా ఇవే లక్షణాలు. టర్బో ఒత్తిడిని అదుపు చేసే యాక్చువేటర్‌కి వెళ్లే సన్నటి వాక్యూమ్ పైపు పగిలినా, ఆ వాక్యూమ్‌ని నడిపే కరెంటు వాల్వు (సొలినాయిడ్) ఇరుక్కున్నా, డీపీఎఫ్ మూసుకుపోయినా ఇవే. చేతి వాక్యూమ్ పంపు పెట్టి యాక్చువేటర్ కడ్డీ ఈ కొస నుంచి ఆ కొస దాకా తడబడకుండా కదులుతోందా అని చూడటం పది నిమిషాల పని. ఎలక్ట్రానిక్ యాక్చువేటర్ అయితే స్కానర్‌తో కదిలించి చూడొచ్చు. ఈ పది నిమిషాలు పెట్టకుండా రోజున్నర పనికి దిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

తర్వాత ఇంటేక్ గొట్టం తీసి కంప్రెసర్ చక్రం ముక్కు పట్టుకుని ఊపండి. పక్కలకి కొంచెం ఊగితే కంగారు పడక్కర్లేదు. మామూలు బుష్ బేరింగుల టర్బోలో షాఫ్టు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ పొర ఉండదు కాబట్టి ఆ మాత్రం ఆట సహజం. ఎంత ఊపినా చక్రం అంచు గూటి గోడకి తగలకూడదు, అంతే. ముందుకూ వెనక్కూ మాత్రం చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. చిన్న కార్ల టర్బోల్లో ఆ దిశలో ఉండేది మిల్లీమీటరులో పదో వంతు లోపే. నిమిషానికి రెండు లక్షలకు పైబడి చుట్లు తిరిగే షాఫ్టు అంతకంటే ఎక్కువ జరిగితే చక్రం గోడను కొరకడం మొదలుపెడుతుంది.

గాలి గొట్టంలో ఆయిల్ తడి కనిపించగానే టర్బో కారుతోందని తీర్పు చెప్పేయకండి. ఇంజన్ లోపలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ ఆవిరి కూడా ఆ గొట్టంలోకే వస్తుంది, పలచటి పొర మామూలే. ఇంకో ముఖ్యమైన సంగతి: టర్బోలో ఆయిల్‌ని ఆపేది రబ్బరు సీలు కాదు, పిస్టన్ రింగులాంటి చిన్న ఇనుప రింగు. బయట గాలి ఒత్తిడి ఉండటం, లోపలి ఆయిల్ ఎప్పటికప్పుడు కిందికి దిగిపోవడం, ఈ రెంటి మీదే దాని బతుకు. డ్రెయిన్ పైపు మూసుకుపోయినా, బ్రీదర్ మూసుకుని ఇంజన్ లోపల ఒత్తిడి పెరిగినా, నిక్షేపంలాంటి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. అలాంటప్పుడు కొత్తది బిగిస్తే అదీ కక్కుతుంది.

దారి చేసుకోవడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. తుప్పు వదిలే నూనెను ముందురోజు సాయంత్రమే ఎగ్జాస్ట్ నట్ల మీద కొట్టి, ఆరిపోతే మళ్లీ కొట్టి రాత్రంతా నాననివ్వడం మంచిది. కొట్టిన అయిదు నిమిషాలకే పానా వేస్తే అది తడి తప్ప ఇంకేమీ కాదు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. టర్బో నడిమి గూటికి నీళ్ల పైపులుంటే కూలెంట్ దించండి. ఆయిల్ ఎలాగూ మార్చాలి కాబట్టి దాన్నీ దించేయండి, కానీ పారబోయకండి. శుభ్రమైన తొట్టిలో పట్టి ఉంచితే తర్వాత దాంట్లో ఏముందో చూడొచ్చు. కారుని స్టాండ్ల మీద నిలబెట్టి ముందు చక్రమూ అడుగు రేకూ తీయాలి. జాకీ మీద మాత్రమే ఉన్న కారు కిందికి తల పెట్టకూడదని వేరే చెప్పాలా?

పైన మొదట తీయాల్సింది చాలామంది తీయడానికి ఇష్టపడనిది: వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ కౌల్. వైపర్ చేతులు ఎక్కడ ఆగి ఉన్నాయో అద్దం మీద టేపుతో గుర్తు పెట్టి, వాటి నట్లు వదులు చేసి, చిన్న పుల్లర్‌తో లాగండి. స్క్రూడ్రైవర్‌తో పైకి ఎగదీస్తే అద్దం పగిలే ప్రమాదముంది. కౌల్, దాని వెనక రేకు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేస్తే ఫైర్‌వాల్ వైపు జానెడు చోటు వస్తుంది. ఇరవై నిమిషాల పనికి జానెడు చోటంటే ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా చౌక బేరం దొరకదు.

కింద వైపు అసలు అడ్డంకి డీపీఎఫ్ లేదా క్యాటలిస్టు. ముందు దాని సెన్సర్లు. ఆక్సిజన్ సెన్సర్‌కి 22 మిల్లీమీటర్ల చీలిక సాకెట్ వాడాలి, వైరు ఆ చీలికలోంచి బయటికి వస్తుంది. ఉష్ణోగ్రత సెన్సర్లు మరీ మొండివి, మరతో సహా ఊడి వస్తాయి. అవి కదలకపోతే బలవంతం వద్దు, కనెక్టర్ దగ్గర వైరు విడదీసి సెన్సర్‌ని డీపీఎఫ్‌తో పాటే బయటికి తెచ్చుకోండి, వెలుతురులో వేడి చేసి తీయొచ్చు. ప్రెషర్ పైపుల రబ్బరు కాలి గట్టిపడి ఉంటుంది, లాగితే విరుగుతుంది. కోసి కొత్త ముక్క వేయడమే నయం. టర్బోకీ డీపీఎఫ్‌కీ మధ్య వి ఆకారం క్లాంపు ఉంటే దాని బోల్టు వదిలినంత మాత్రాన పట్టు వదలదు. బోల్టు వదులు చేశాక క్లాంపు చుట్టూ సుత్తితో చిన్నగా తడుతూ పోవాలి. ఒక్క దెబ్బలో ఊడాలని రింగు వంచితే మళ్లీ అది సరిగ్గా కూర్చోదు, పొగ కారుతుంది. క్లాంపు ఊడకముందే డీపీఎఫ్ కింద జాకీ గానీ పట్టీ గానీ పెట్టండి. దాని బరువంతా వెనకున్న వంగే జాలీ గొట్టం మీద వేలాడితే ఆ గొట్టం చీలుతుంది, చీలిన సంగతి మాత్రం బండి స్టార్ట్ చేశాకే తెలుస్తుంది.

డీపీఎఫ్ వదులైనా బయటికి రాకపోతే అప్పుడు ఇంజన్‌ని ఊపాలి. కింద వెనకవైపు ఇంజన్ ఊగకుండా ఆపే ఎముక ఆకారపు మౌంటింగు ఒకటుంటుంది. దాని రెండు బోల్టులు తీస్తే ఇంజన్ కింది భాగం ముందుకూ వెనక్కూ మూడు నాలుగు సెంటీమీటర్లు కదులుతుంది. ముందుకు లాగి బెల్టుతో కట్టేయొచ్చు. ఏసీ పైపులూ రేడియేటర్ హోసులూ బిగిసిపోతున్నాయేమో చూసుకుంటూ లాగాలి. ఇంజన్ కింద జాకీ పెడితే మధ్యలో చెక్క తప్పనిసరి, అల్యూమినియం చాంబర్ నేరుగా జాకీ తలకి ఆనితే పగులుతుంది.

ఆ తర్వాత కుడి యాక్సిల్. చాలా అడ్డ ఇంజన్లలో దీని మధ్య బేరింగు ఇంజన్ వెనక, సరిగ్గా టర్బో కింద బిగించి ఉంటుంది. హబ్ నట్టు తీయక్కర్లేకుండానే కింది బాల్ జాయింట్ వదిలి, బేరింగు పట్టీ బోల్టులు రెండూ తీసి, యాక్సిల్‌ని గేర్‌బాక్సు నుంచి లాగి పక్కకి కట్టేయొచ్చు. గేరు ఆయిల్ కారుతుంది, కింద తొట్టి పెట్టుకోండి, తిరిగి బిగించేటప్పుడు అక్కడి ఆయిల్ సీలు కొత్తది వేయండి. ఇది తీయడానికి బద్ధకించి డీపీఎఫ్‌ని యాక్సిల్ మీదుగా నెట్టుకొచ్చేవాళ్లు యాక్సిల్ రబ్బరు బూటు కోసేస్తారు. నెల తర్వాత గ్రీజంతా చక్రం లోపలివైపు చిమ్మితే అది వేరే జబ్బనుకుంటారు.

ఇంజన్ కింద సస్పెన్షన్‌ని మోసే చట్రం, అంటే సబ్‌ఫ్రేమ్, దించడం చివరి మెట్టు. దించాల్సి వస్తే అది కూర్చున్న చోట చుట్టూ గీతలు గీయండి, చక్రాలు తిన్నగా ఉంచి స్టీరింగ్ లాక్ చేయండి. స్టీరింగ్ కడ్డీ జాయింటు విడిపోయాక ఎవరైనా పైన చక్రం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ కింద ఉండే చుట్ట వైరు తెగుతుంది. పని ముగిశాక అలైన్‌మెంట్ తప్పదు. టర్బో కోసం ఇక్కడిదాకా రావడం నాక్కూడా నచ్చదు.

అన్ని కార్లకీ ఇంత అక్కర్లేదు, ఒప్పుకుంటాను. టర్బో రేడియేటర్ వైపు ఉంటే ఫ్యానూ దాని చట్రమూ తీస్తే చాలా ఇంజన్లలో దారి దొరుకుతుంది. ఏసీ గ్యాసు లైను విప్పే ఆలోచన మాత్రం ఏ కారులోనూ పెట్టుకోకండి, పక్కకి కట్టగలిగితే కట్టండి. ఇంకో అభ్యంతరం వింటుంటాను: పాత కారులో ఎంత ఎక్కువ విప్పితే అన్ని క్లిప్పులు విరుగుతాయని. నిజమే, విరుగుతాయి. క్లిప్పు విరిగితే క్లిప్పు మారుస్తాం. సిలిండర్ హెడ్‌లో స్టడ్ (నట్టు ఎక్కే తల లేని మర కడ్డీ) విరిగితే, సందు లేనిచోట, ఏం చేస్తాం?

నట్లు

స్టడ్లు సాధారణంగా 8 మిల్లీమీటర్ల మరవి. నట్టు తల 12 గానీ 13 గానీ ఉంటుంది. కొన్నిటికి స్టడ్ కొసన నక్షత్రం ఆకారపు తల ఉంటుంది, దాన్ని పట్టుకుని స్టడ్‌నే తిప్పి తీయొచ్చు. సాకెట్ ఆరు మూలలది వాడాలి. పన్నెండు మూలల సాకెట్ తుప్పు తిన్న నట్టుని మొదటి తిప్పులోనే గుండ్రంగా చేసేస్తుంది. వంగే జాయింటుకన్నా కొద్దిగా ఊగే ఎక్స్‌టెన్షన్ మేలు. వంపు పెరిగేకొద్దీ సాకెట్ నట్టు మీద పక్కకి వాలి అంచు తినేస్తుంది. దారి బాగా చేసుకుంటే కిందినుంచి పొడవాటి ఎక్స్‌టెన్షన్ ఒకటి తిన్నగా నట్టు మీద కూర్చుంటుంది. ఈ ఒక్క తిన్నటి గీత కోసమే యాక్సిల్ తీయమన్నది.

వదిలేముందు కొద్దిగా బిగించే వైపు ఒత్తండి. తుప్పు పొర అప్పుడే చిట్లుతుంది. తర్వాత పావు చుట్టు వదలడం, సగం వెనక్కి బిగించడం, నూనె కొట్టడం, మళ్లీ వదలడం. నట్టు తిరుగుతూ మెత్తగా సాగుతున్నట్టు చేతికి తోస్తే ఆగిపోండి. అది వదలడం కాదు, స్టడ్ మెలి తిరుగుతోంది. వేడి ఇవ్వాల్సింది అప్పుడే. ఇండక్షన్ హీటరైతే నట్టు ఒక్కటే ఎర్రబడుతుంది, పక్కనున్న పైపులూ వైర్లూ చాలావరకు బతుకుతాయి. ఆయిల్, డీజిల్ పైపుల సందులో గ్యాసు మంట పెట్టడాన్ని నేను సమర్థించను. తప్పక పెడితే రేకు అడ్డం పెట్టి, పక్కన మంటలార్పే సీసా ఉంచుకుని పెట్టండి. నట్టుతో పాటు స్టడ్ మొత్తం తిరిగి బయటికొస్తే బాధపడకండి, అదృష్టం. ఎలాగూ కొత్త స్టడ్లు వేయాలి.

విరిగితే? మర బయటికి కాస్త మిగిలి ఉంటే దానిమీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తే ఆ వేడికే చాలాసార్లు వదిలేస్తుంది. బ్యాటరీతో పాటు ఇంజన్ కంప్యూటర్ కనెక్టరూ తీశాకే వెల్డింగ్. సమంగా విరిగితే మధ్యబిందువు సరిగ్గా కొట్టి, ఎడమ మర డ్రిల్ బిట్టుతో సన్నగా మొదలుపెట్టాలి. విరిగిన ముక్కను తిప్పి లాగే గట్టి ఉక్కు ఎక్స్‌ట్రాక్టర్ లోపల విరిగితే ఇక అక్కడితో కథ ముగిసినట్టే, మామూలు డ్రిల్ దాన్ని గీయను కూడా గీయదు. ఈ పనులన్నీ ఫైర్‌వాల్‌కి బెత్తెడు దూరంలో, చేత్తో తడుముకుంటూ చేయాలని ఊహించుకోండి. "ఏమీ విప్పకుండా" అన్న మాటలోని ఆదా ఎంతో తెలుస్తుంది.

ఆయిల్ పైపులు, ఆ తర్వాత బయటికి

ఆయిల్ ఫీడ్ పైపు బాంజో బోల్టుకి రెండు వైపులా రెండు రాగి వాషర్లుంటాయి. విప్పినప్పుడు ఒకటి టర్బోకి అతుక్కుపోతుంది, చూడకుండా దానిమీద కొత్తది పెడితే రెండు వాషర్ల మందమై కారుతుంది. డ్రెయిన్ పైపు బోల్టులు చిన్నవి, 6 మిల్లీమీటర్ల మరవి, ఎక్కువగా అలెన్ తల. అందులో మసి నిండి కీ లోపలికి దిగదు. సూదితో మసి గోకి, కీని చిన్న సుత్తితో కొట్టి కూర్చోబెట్టాకే తిప్పాలి. ఊడిన ప్రతి రంధ్రాన్నీ వెంటనే మూయండి, రంగు కొట్టొచ్చినట్టు కనిపించే గుడ్డతో. మసి రంగు గుడ్డ లోపల మర్చిపోవడం తేలిక. ఎగ్జాస్ట్ పోర్టులో పడిన నట్టు ఇంజన్ తిరగగానే కొత్త టర్బైన్ మీదికే వస్తుంది.

టర్బోను యాక్చువేటర్ కడ్డీ పట్టుకుని ఎత్తకండి. బయటికి రావట్లేదని కడ్డీ పొడవు సర్దడం, స్టాప్ స్క్రూ తిప్పడం అంతకన్నా పెద్ద తప్పు. వేరియబుల్ వేన్ల (టర్బైన్ చుట్టూ కోణం మారే రెక్కల) టర్బోలో ఆ స్క్రూని తయారీలో గాలి ప్రవాహం కొలిచి బిగిస్తారు, కంటి అంచనాతో తిరిగి పెట్టలేం. కంప్రెసర్ గూడు వదులు చేసి తిప్పితే సందులోంచి వస్తుందనే ఆలోచన కూడా అలాంటిదే. రాకపోతే ఇంకా ఏదో విప్పడం మర్చిపోయారని అర్థం.

బల్ల మీద

ఇప్పుడు చేతిలో ఉన్నది సామాను కాదు, సాక్ష్యం. కంప్రెసర్ రెక్కల ముందంచులు వంగి చిరిగి ఉంటే ఫిల్టర్ వైపునుంచి ఏదో లోపలికి వెళ్లింది. టర్బైన్ రెక్కలు తెగితే ఇంజన్ వైపునుంచి వచ్చింది. ఇంజెక్టర్ల సంగతీ వాల్వుల సంగతీ చూడాలి. షాఫ్టు నీలం తిరిగి ఉంటే ఆయిల్ అందలేదు. నీలం లేకుండా బేరింగు మీద చుట్టూ గీతలుంటే ఆయిల్ అందింది గానీ అది మురికి ఆయిల్. టర్బైన్ వైపు బొగ్గు పేరుకుని డ్రెయిన్ దాకా గట్టిపడి ఉంటే, ఎర్రగా కాలిన టర్బోను వెంటవెంటనే ఆపేస్తూ వచ్చారని గానీ, ఆయిల్ మార్చే గడువు బాగా దాటేశారని గానీ అనుకోవచ్చు. రెండూ కలిసి ఉండటమే ఎక్కువ.

ప్యుజో, ఫోర్డ్ సంస్థలు కలిసి వాడిన 1.6 లీటర్ల డీవీ6 డీజిల్ ఇంజన్ దీనికి అందరికీ తెలిసిన పాఠం. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు వదులై మండిన వాయువు పైకి కారుతుంది, ఆయిల్‌లో బొగ్గు చేరుతుంది. ఆ బొగ్గు టర్బో ఫీడ్ పైపు బాంజో బోల్టులోని సన్నటి జాలీని మూసేస్తుంది, టర్బో దాహంతో చచ్చిపోతుంది. మెకానిక్ కొత్త టర్బో వేస్తాడు. జాలీ అలాగే ఉంటుంది, చాంబర్ అడుగున బొగ్గు అలాగే ఉంటుంది, ఇంజెక్టర్ వాషర్లు కారుతూనే ఉంటాయి. కొద్ది రోజుల్లో రెండో టర్బో పోతుంది, అప్పుడు "సామాను నకిలీది" అంటారు. రోగం ఇంజెక్టర్ దగ్గర, మందు టర్బోకి.

అందుకే ఫీడ్ పైపు కడగడం కాదు, మార్చాలి. లోపల అంటుకున్న బొగ్గు ఏ ద్రావకానికీ పూర్తిగా రాదు, సగం వదిలిన పెళ్లలు ఇంకా ప్రమాదం. చాంబర్ విప్పి పంపు జాలీ చూడాలి. ఇంజన్ వెనక అంతా ఖాళీ చేసుకున్నారు కాబట్టి చాలా కార్లలో చాంబర్ బోల్టులు ఇప్పుడు ఎదురుగానే ఉంటాయి. డ్రెయిన్ పైపులోంచి అవతలి వెలుతురు కనిపించాలి. బ్రీదర్ ఊది చూడాలి. ఇంటర్‌కూలర్ విప్పి నిలువుగా పెట్టి ఆయిల్ కార్చాలి, కడిగి ఆరబెట్టాలి. కంప్రెసర్ చక్రం ముక్కలైతే ఇంటర్‌కూలర్ మార్చడమే. సన్నటి గొట్టాల్లో చిక్కుకున్న అల్యూమినియం తునకలు కడిగితే రావు, తర్వాత సిలిండర్‌లోకి వస్తాయి.

ఇంటర్‌కూలర్‌లో నిలిచిన ఆయిల్‌ని తేలిగ్గా తీసుకోకండి. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి తనంతట తాను రేసవుతుంది, తాళం తీసినా ఆగదు. మొదటి స్టార్టప్పుడు గాలి నోటికి సరిపడే గట్టి చెక్క ఒకటి దగ్గర పెట్టుకోండి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి. మాన్యువల్ గేరు బండి నేల మీద ఉంటే పై గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలితే ఇంజన్ నిలిచిపోతుంది.

తిరిగి బిగించడం

స్టడ్లు, నట్లు, గ్యాస్కెట్లు, రాగి వాషర్లు అన్నీ కొత్తవి. ఎగ్జాస్ట్ మరలకి వేడి తట్టుకునే యాంటీ సీజ్ (మర పట్టేయకుండా ఆపే పేస్టు) పలచగా రాయండి, మళ్లీ విప్పేవాడు దీవిస్తాడు. ఆయిల్ పైపుల ఫ్లాంజులకి సిలికాన్ పేస్టు ఎప్పుడూ పెట్టొద్దు. లోపలికి ఉబ్బిన పేస్టు తెగి, ఫీడ్ వైపైతే బేరింగు రంధ్రాన్ని, డ్రెయిన్ వైపైతే దారిని మూస్తుంది. బిగింపు కొలత ఆ ఇంజన్ మాన్యువల్‌లోదే వాడాలి. నట్లన్నీ చేత్తో పూర్తిగా ఎక్కించాకే, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఫీడ్ పైపుని వంచి కలపాల్సి వస్తోందంటే ఎక్కడో కోణం తప్పింది, వెనక్కి వెళ్లండి.

టర్బో ఫీడ్ రంధ్రంలో ఇంజన్‌కి వాడే శుభ్రమైన ఆయిల్ పోసి, చక్రం వేలితో తిప్పుతూ నిండనివ్వండి. డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే, తయారీదారు చెప్పిన గ్రేడే వాడాలి. ఆ తర్వాత ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి, ఇంజన్ స్టార్ట్ కాకుండా స్టార్టర్‌తో మాత్రమే తిప్పాలి. పది పదిహేను సెకన్లు తిప్పి, స్టార్టర్ చల్లారనిచ్చి, మళ్లీ తిప్పండి, ఆయిల్ లైటు ఆరేదాకా. డీజిల్ పైపులు వదులు చేసి ఆపే ప్రయత్నం చేయకండి. కామన్ రైల్‌లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది, సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుంది. కనెక్టర్లు పెట్టాక స్కానర్‌తో లోపాల కోడ్లు చెరిపేసి, స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు ఐడిల్‌లోనే వదలండి. యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు. ఎలక్ట్రానిక్ యాక్చువేటర్‌కి స్కానర్‌తో అడాప్టేషన్ చేయాలి (దాని కదలిక హద్దుల్ని కంప్యూటర్‌కి నేర్పాలి), అది చేయకపోతే కొత్త టర్బోతోనే లింప్ మోడ్ వస్తుంది. మొదటి కొన్ని నిమిషాలు పొగ వస్తుంది, ఎగ్జాస్ట్‌లో పాత ఆయిల్ కాలుతోంది. అరగంట నడిచాక కూడా నీలం పొగ తగ్గకపోతే డ్రెయిన్ పైపూ బ్రీదరూ మళ్లీ చూడాలి.

ఇంజన్ వేడెక్కి చల్లారాక డ్రెయిన్ ఫ్లాంజ్ తడుస్తోందేమో ఓసారి కిందినుంచి చూడండి. ఆయిలూ ఫిల్టరూ వెయ్యి కిలోమీటర్లలోపు ఇంకోసారి మార్చండి, గోడలకి అంటుకున్న పాత బొగ్గు కొత్త ఆయిల్‌లోకి వదులుతుంది. తీసేసిన ఫీడ్ పైపుని చెత్తలో వేయకముందు హ్యాక్‌సాతో నిలువునా చీల్చండి. టర్బోకి దగ్గరి కొసలో, వేడి తగిలే చోట, గోడ మీద నల్లగా గాజులా మెరిసే పొర కనిపిస్తే దాన్ని గోటితో గీకి చూడండి. గోరు అరుగుతుంది, అది మాత్రం రాదు.